ఆటలమ్మ వచ్చిన ఇంట్లో

సంక్రాంతి వెళ్ళి చలి తగ్గుముఖం పట్టేసరికి మన ఊళ్ళలో ఏదో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఎవరికో 'అమ్మవారు పోసింది' అని దాని అర్థం. ఇక కొత్తవాళ్ళు లోపలికి వెళ్ళరు. పాలుపోసే మనిషి కూడా గుమ్మం బయటే గిన్నెలో పోసి వెళ్ళిపోతాడు. జబ్బుపడిన పిల్లవాణ్ణి ఒక గదిలో వేపాకులు పరిచిన పక్కమీద పడుకోబెడతారు. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లోనే అంటువ్యాధిని ఒక ఇంటికే పరిమితం చేయాలనే ఆలోచన మన పెద్దలకు వచ్చిందంటే మెచ్చుకోవలసిందే. చిక్కు ఒక్కటే. ఆ వేపమండ గుమ్మానికి చేరడం రెండు రోజులు ఆలస్యమవుతుంది.

ఆలస్యం ఎందుకు జరుగుతుందో, ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఆటలమ్మ విషయంలో ఇంట్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో చాలావరకు మనకే బోధపడుతుంది.

అమ్మవారి పేరుతో రెండు జబ్బులు

మన భాషలో ఒంటిమీద పొక్కులు లేచే జబ్బులకు 'అమ్మవారు' అనే పేరు స్థిరపడిపోయింది. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. కోస్తాలో పోలేరమ్మ, తెలంగాణలో పోచమ్మ, తమిళదేశంలో మారియమ్మ, ఉత్తరాదిన శీతల - ఈ దేవతల కొలుపులన్నిటి వెనకా మశూచి భయం ఉంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. మశూచి సోకినవాళ్ళలో పదిమందికి ముగ్గురు చొప్పున చనిపోయేవారు. బతికినవాళ్ళలో కొందరికి కళ్ళు పోయేవి, ముఖమంతా గుంటలు పడేవి.

మశూచి, ఆటలమ్మ ఒకటి కావు. ఈ రెంటినీ లక్షణాలతో సహా స్పష్టంగా వేరుచేసి చెప్పినవాడు విలియం హెబర్డెన్ అనే ఆంగ్లేయ వైద్యుడు. 1767లో లండన్‌లోని వైద్యుల కళాశాలలో ఆయన తన వ్యాసం చదివాడు. మన దేశంలో మశూచి నిర్మూలన చివరి దశలో, అంటే 1970ల మొదట్లో, ఈ తేడా తెలియడం చాలా అవసరమైంది. ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన పసివాడి బొమ్మ ఉన్న కార్డు చేతబట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. మశూచి కేసు చూపినవారికి బహుమతి కూడా ప్రకటించారు. చూపిన చాలా కేసులు తీరా చూస్తే ఆటలమ్మ అని తేలేవి. 1975 మే నెలలో చివరి కేసు తరవాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

కనుక ఈనాడు 'అమ్మవారు' అన్నారంటే దాదాపు ఎప్పుడూ ఆటలమ్మే. గుర్తుపట్టడం కష్టం కాదు. పొక్కులు ముందుగా ఛాతీ, వీపు, ముఖం మీద వస్తాయి. కాళ్ళూ చేతుల మీద తక్కువ, అరచేతుల్లో అరుదు. మొదట ఎర్రటి మచ్చ, కొన్ని గంటల్లో దానిమీద నీటిబొట్టు నిలిచినట్టు పలుచటి పొక్కు, ఒకటి రెండు రోజుల్లో అది కాస్త మసకబారి, నడుమ నొక్కుకొని, పక్కు కట్టడం. ఇలా మూడు నాలుగు రోజులపాటు విడతలు విడతలుగా లేస్తాయి. అందుకే ఒకే చోట మచ్చ, నీటిపొక్కు, పక్కు మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇదే అసలు గుర్తు. మశూచిలో ఒకచోట ఉన్న పొక్కులన్నీ ఒకే దశలో ఉండేవి. అవి చర్మంలో లోతుగా, గట్టిగా ఉండేవి. ముఖం మీద, చేతుల చివర, పాదాల మీద ఎక్కువగా వచ్చేవి.

వైరస్ రహస్య ప్రయాణం

ఆటలమ్మను కలిగించేది వారిసెల్లా జోస్టర్ అనే వైరస్. ఇది హెర్పిస్ కుటుంబానికి చెందినది. రోగి ఊపిరితో, దగ్గుతో, తుమ్ముతో వెలువడే సన్నని తుంపరల్లోనూ, పొక్కుల్లోని నీటిలోనూ ఉంటుంది. ఒకే గదిలో గాలి పీల్చుకుంటే చాలు, ముట్టుకోనవసరం లేదు. ఇంతవరకూ ఆటలమ్మ రానివాళ్ళు, టీకా వేయించుకోనివాళ్ళు ఇంట్లో పదిమంది ఉంటే ఎనిమిది తొమ్మిదిమందికి సోకే అవకాశం ఉంది. అంటువ్యాధుల్లో దీన్ని మించినవి తట్టు లాంటివి కొన్నే.

వైరస్ ముక్కులోకి, గొంతులోకి చేరి ముందు దగ్గరలోని లింఫు గ్రంథుల్లో పెరుగుతుంది. కొద్ది రోజులకు రక్తంలో పడి కాలేయానికీ, ప్లీహానికీ చేరుతుంది. అక్కడ మరింతగా పెరిగి రెండోసారి రక్తంలోకి దూకుతుంది. ఈసారి దాని గమ్యం చర్మం. ఈ ప్రయాణానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు, చాలామందిలో పద్నాలుగు నుంచి పదహారు రోజులు పడుతుంది. దీన్ని పొదిగే కాలం అంటారు. ఆ రోజుల్లో పిల్లవాడు హాయిగా బడికి వెళ్తాడు, ఆడుకుంటాడు.

అసలు కిటుకు పొదిగే కాలం చివర్లో ఉంది. మొదటి పొక్కు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ గొంతులోకి చేరి ఊపిరితోపాటు బయటికి రావడం మొదలవుతుంది. పిల్లవాడికి అప్పుడు కాస్త ఒళ్ళు నొప్పులు, కొద్ది జ్వరం, అన్నం సయించకపోవడం ఉంటే ఉండవచ్చు, లేకపోతే అదీ ఉండదు. మనం పొక్కును చూసి వేపమండ కట్టేసరికి ఇంట్లోవాళ్ళూ, బెంచీమీద పక్కన కూచున్నవాడూ ఆ గాలి పీల్చే ఉంటారు.

ఆ తరవాత అన్ని పొక్కులూ పక్కు కట్టేదాకా రోగి నుంచి జబ్బు అంటుతూనే ఉంటుంది. మామూలుగా ఇది ఐదు నుంచి ఏడు రోజులు. మశూచి పక్కుల్లో బతికున్న వైరస్ ఉండేది. ఆటలమ్మలో ఎండిన పక్కుల వల్ల జబ్బు అంటదు. రాలిన పక్కులను చూసి భయపడే అలవాటు మశూచి కాలం నుంచి మిగిలింది కాబోలు.

తేదీలు రాసుకోవాలి

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఎనిమిదో తరగతి చదివే శీనుకు ఫిబ్రవరి 10న వీపు మీద పొక్కులు కనిపించాయి. అక్క లక్ష్మికి మార్చి నెలలో పదో తరగతి పరీక్షలు. పెద్దక్క పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. అరవై ఎనిమిదేళ్ళ తాతయ్య ఉన్నాడు. ఇలాంటి ఇల్లు మనకు కొత్తేమీ కాదు.

శీను నుంచి జబ్బు అంటడం 8వ తేదీనే మొదలై ఉంటుంది. కాబట్టి లక్ష్మికి ఇంతకుముందు ఆటలమ్మ రాకపోయి ఉంటే ఆమెకు పొక్కులు లేచే అవకాశం 18వ తేదీ నుంచి మొదలవుతుంది. ఎక్కువ అవకాశం 22 నుంచి 26 మధ్య. శీను పొక్కులన్నీ 16వ తేదీకి ఎండిపోయాయనుకుంటే, ఆనాడు చివరిసారిగా సోకిందనుకొని లెక్కించినా మార్చి 9తో గడువు ముగుస్తుంది. గోడమీది క్యాలెండరులో ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడం ఏ మందూ చేయలేని మేలు చేస్తుంది. 16 నుంచి మార్చి 9 వరకూ లక్ష్మి నలుగురిలోకి వెళ్ళేముందు ఒంటిని చూసుకోవాలి. కాస్త జ్వరమొచ్చినా బడి మానాలి.

శీనుకు పొక్కులు కనబడిన రోజే చేయవలసిన పని మరొకటి ఉంది. వైరస్ సోకిన మూడు రోజుల్లోగా, పోనీ ఐదు రోజుల్లోగా, ఆటలమ్మ టీకా వేస్తే చాలామందిలో జబ్బు రాకుండా ఆగుతుంది, వచ్చినా తేలికగా పోతుంది. టీకా వేసిన తరవాత శరీరంలో రక్షణ తయారయ్యే వేగం వైరస్ పొదిగే వేగాన్ని మించడమే ఇందుకు కారణం. లెక్క 8వ తేదీ నుంచి మొదలవుతుంది కనుక లక్ష్మికి టీకా 11వ తేదీలోగా పడితే మంచిది, 13 దాటితే ఈసారికి ప్రయోజనం అనుమానమే. 'నాలుగు రోజులు చూద్దాం' అనుకుంటే అవకాశం జారిపోతుంది.

పెద్దక్క సంగతి వేరు. గర్భిణికి ఈ టీకా వేయకూడదు. ముందు తెలుసుకోవలసింది ఆమెకు చిన్నతనంలో ఆటలమ్మ వచ్చిందా అని. వచ్చి ఉంటే దిగులు లేదు. రాలేదన్నా, గుర్తులేదన్నా అదేరోజు డాక్టరుకు చెప్పాలి. రక్తపరీక్షతో రక్షణ ఉందో లేదో తెలుసుకోవచ్చు. లేకపోతే రెడీమేడు ప్రతిరక్షకాలున్న ఇంజక్షను సోకిన పది రోజుల్లోగా ఇవ్వవచ్చు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఇంత తొందర ఎందుకంటే గర్భిణికి ఆటలమ్మ వస్తే న్యుమోనియాగా ముదిరే ప్రమాదం ఉంది. మొదటి ఇరవై వారాల్లో వస్తే నూటికి ఒకరిద్దరి బిడ్డలకు అవయవ లోపాలు కలగవచ్చు. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరవాత వరకూ ఉన్న గడువులో తల్లికి పొక్కులు లేస్తే మరీ ప్రమాదం. వైరస్ బిడ్డకు చేరుతుంది, తల్లి నుంచి రక్షణ మాత్రం ఇంకా చేరి ఉండదు. ఆస్పత్రికి వెళ్ళేముందు ఫోను చేసి 'ఇంట్లో ఆటలమ్మ ఉంది' అని చెప్పడం మరిచిపోకూడదు. లేకపోతే వరండాలో పక్కనే కూచున్న మరో గర్భిణికి అంటించినవాళ్ళమవుతాం.

హాస్టళ్ళకు ఈ లెక్క మరింత ముఖ్యం. శీతల దేశాల్లో పదేళ్ళు నిండేసరికే ఇంచుమించు అందరికీ ఆటలమ్మ వచ్చిపోయేది. మనలాంటి వేడి దేశాల్లో చాలామంది అది రాకుండానే పెద్దవాళ్ళవుతారు. అలాంటివాళ్ళు వంద మంది ఒకే కప్పు కింద నిద్రపోయే చోట ఒక్క కేసు చాలు. ఎక్కువ హాస్టళ్ళలో జరిగేదేమిటంటే, కుర్రవాణ్ణి ఆ రాత్రే బస్సెక్కించి ఇంటికి పంపుతారు. ఆ బస్సులో ఎవరెవరున్నారో ఎవరికి తెలుసు? విడిగా ఒక గదీ, ఇదివరకే ఆటలమ్మ వచ్చిపోయిన ఒక తోడు మనిషీ దొరికితే పక్కులు కట్టేదాకా అక్కడే ఉంచడం మేలు. పంపక తప్పకపోతే వేరే వాహనంలో పంపాలి.

స్నానం, దురద, వేపాకు

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఆటలమ్మ దానంతటదే తగ్గుతుంది. తగ్గించేది శరీరంలోని రోగనిరోధక శక్తి. మనం చేయవలసింది దురద తగ్గించడం, పొక్కులు చీముపట్టకుండా కాపాడడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం.

మన ఇళ్ళలో అమ్మవారు 'దిగేదాకా' ఒంటికి నీళ్ళు తగలనివ్వరు. తొమ్మిదో రోజో పదకొండో రోజో వేపాకులు వేసి కాచిన నీళ్ళు పోస్తారు. నీళ్ళు తగిలితే పొక్కులు లోపలికి పోతాయనీ, జబ్బు తిరగబెడుతుందనీ భయం. అలా జరగదు. చెమటతో, మురికితో ఉన్న చర్మం మీద స్టెఫిలోకోకస్, స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. గోకినప్పుడు పొక్కు చిట్లి, ఆ పుండులోకి ఇవి చేరితే చీము పడుతుంది. పిల్లల్లో ఆటలమ్మ ముదరడానికి ఎక్కువగా ఇదే కారణం, ముఖం మీద మాయని మచ్చలకు కూడా ఇదే కారణం. కాబట్టి మొదటిరోజు నుంచే గోరువెచ్చని నీళ్ళతో రోజూ స్నానం చేయించాలి. పీచుతో రుద్దకూడదు. మెత్తటి తువ్వాలుతో అద్దినట్టు తుడవాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే వేపాకులు వేసి కాచి చల్లార్చిన నీళ్ళే మొదటిరోజు నుంచి పోయండి. సంప్రదాయానికీ లోటు రాదు, శుభ్రతా కుదురుతుంది.

వేపాకు వైరస్‌ను చంపి జబ్బును తగ్గిస్తుందని రుజువు కాలేదు. కానీ లేత వేపరెమ్మతో ఒంటిని మెల్లగా నిమరడం చాలా తెలివైన పని. గోళ్ళతో గోకనవసరం లేకుండానే దురద ఉపశమిస్తుంది. మా అమ్మమ్మ ఆ పని రాత్రంతా కూచుని చేసేదని విన్నాను. రోట్లో నూరిన వేపాకు, పసుపు ముద్దను చిట్లిన పొక్కుల మీద మందంగా మెత్తడం మాత్రం మంచిది కాదు. రోలు, చేతులు, పసుపు ఎంత శుభ్రమో తెలియదు. పైగా కింద చీము పడుతున్నా కనిపించదు. దురదకు కాలమిన్ లోషను దూదితో అద్దవచ్చు, కళ్ళకూ నోటికీ తగలకుండా. దురద నిద్రపట్టనివ్వకపోతే డాక్టరు ఒక మాత్ర రాసిస్తారు. స్టెరాయిడ్ మందులు, పూతలు సొంతంగా వాడకూడదు.

గోళ్ళు పొట్టిగా కత్తిరించి, చేతులు సబ్బుతో తరచు కడగాలి. పసిపిల్లలకు రాత్రిపూట చేతులకు పలుచటి నూలు మేజోళ్ళు తొడగవచ్చు. వదులుగా ఉండే నూలు బట్టలు వేయాలి. తలుపులు, కిటికీలు బిగించి గదిని చీకటిగా ఉంచే అలవాటు మానాలి. వెలుతురు, గాలి ఉన్న గదిలో దురద తగ్గుతుంది, గాలిలో వైరస్ కూడా పలచబడుతుంది. రోగి దుప్పట్లు, తువ్వాలు విడిగా ఉంచి, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు, కాల్చిపారేయనక్కరలేదు.

తిండి విషయం త్వరగా చెప్పుకోవచ్చు. ఆటలమ్మ ఒంట్లో వేడి చేయడం వల్ల వచ్చే జబ్బు కాదు. అందుచేత పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, నెయ్యి మాన్పించనవసరం లేదు. నోట్లో కూడా పొక్కులు లేస్తాయి కనుక కారం, పులుపు మండుతాయి. పెరుగన్నం, మెత్తగా వండిన పప్పన్నం, ఇడ్లీ, అరటిపండు తేలికగా దిగుతాయి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, గంజి మాటిమాటికీ ఇవ్వాలి. ఈ విషయంలో చలివిడి, చద్దన్నం, మజ్జిగ అమ్మవారికి నైవేద్యం పెట్టి పిల్లవాడికి తినిపించిన మన అమ్మమ్మలు సరిగానే ఉన్నారు.

జ్వరం మాత్రలో పొంచి ఉన్న ప్రమాదం

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వాలి. మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి నిర్ణయించాలి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. ఇరవై కిలోల పిల్లవాడికి ఒక్కసారికి 200 నుంచి 300 మిల్లీగ్రాములన్నమాట. 'ఒక చెంచా' అనే కొలతను నమ్మకండి. మన దుకాణాల్లో ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండే సిరప్పూ ఉంది, 250 ఉండేదీ ఉంది. ఒకదానికి బదులు మరొకటి వాడితే మోతాదు రెట్టింపవుతుంది. సీసామీది అంకె చదివి, సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయాలి.

ఆస్పిరిన్ ఇవ్వనేకూడదు. 1963లో డగ్లస్ రే అనే ఆస్ట్రేలియా వైద్యుడు పిల్లల్లో ఒక వింత జబ్బును వర్ణించాడు. ఆటలమ్మో, ఫ్లూ జ్వరమో తగ్గుతున్న పిల్లవాడికి ఉన్నట్టుండి ఆగని వాంతులు, మగత, తరవాత స్పృహ తప్పడం - కాలేయంలో కొవ్వు పేరుకొని, మెదడు వాచి చాలామంది చనిపోయేవారు. దీన్ని రే సిండ్రోమ్ అంటారు. ఆ జ్వరాల్లో ఆస్పిరిన్ వాడిన పిల్లల్లోనే ఇది ఎక్కువగా వస్తున్నదని 1980ల్లో తేలింది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వడం మానేసిన దేశాల్లో ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. తలనొప్పికని, ఒళ్ళునొప్పులకని కిరాణాకొట్లో విడిగా అమ్మే కొన్ని బిళ్ళల్లో ఆస్పిరిన్ ఉంటుంది. పేరు వేరే ఉన్నా అట్టమీద సన్నని అక్షరాల్లో 'అసిటైల్ సాలిసిలిక్ ఆసిడ్' అని రాసి ఉంటే అది ఆస్పిరినే. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. ఆటలమ్మలో దాన్ని వాడిన పిల్లల్లో చర్మం కింద చీముపట్టే ప్రమాదం ఎక్కువగా కనబడింది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

అమ్మవారికి మందు వాడకూడదనే నమ్మకం వల్ల జరిగే నష్టం మామూలు ఆటలమ్మలో కనబడదు. ముదిరిన కొద్దిమంది విషయంలో బయటపడుతుంది. ఆయాసం, ఛాతీ నొప్పి, విడవని దగ్గు ఉంటే న్యుమోనియా కావచ్చు. మగత, మాట తడబడడం, నడకలో తూలిపోవడం, మెడ బిగుసుకోవడం, ఫిట్సు వస్తే మెదడుకు సంబంధించిన సమస్య. జ్వరం నాలుగు రోజులు దాటినా, తగ్గి మళ్ళీ వచ్చినా, పొక్కుల చుట్టూ చర్మం ఎర్రబడి వాచి బాగా నొప్పి పెడుతున్నా, చీము పట్టినా, పొక్కుల్లో రక్తం కనబడినా, కంటిలో పొక్కు లేచినా, నీళ్ళు కూడా తాగలేకపోతున్నా మర్నాటిదాకా ఆగకుండా వెళ్ళాలి.

కొందరు మొదటి పొక్కు కనబడగానే వెళ్ళాలి. నెలల పసికందులు, గర్భిణులు, కాన్సరుకు మందులు వాడుతున్నవారు, ఆస్తమాకో కీళ్ళజబ్బుకో స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. ఈ జాబితాలో పదమూడేళ్ళు దాటినవాళ్ళను కూడా చేర్చాలి. ఇది చదువుతున్న మీలో చాలామంది ఈ జట్టే. చిన్నపిల్లలకు వారం రోజుల చిరాకుగా పోయే జబ్బు, పెద్దవాళ్ళలో పొక్కులు ఎక్కువై, జ్వరం తీవ్రమై, ఊపిరితిత్తులకు పాకే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సిగరెట్లు తాగేవాళ్ళలో ఈ న్యుమోనియా మరీ ఎక్కువ.

వైరస్ మీద నేరుగా పనిచేసే మందు లేకపోలేదు. దాని పేరు ఎసైక్లోవిర్. వైరస్ తన డి.ఎన్.ఎ.ను నకళ్ళు తీసుకోకుండా ఇది అడ్డుకుంటుంది. 1988లో నోబెల్ బహుమతి పంచుకున్న గెర్ట్రూడ్ ఎలియన్ పరిశోధనల ఫలితమిది. ఉన్న కిటుకల్లా, మొదటి పొక్కు లేచిన 24 గంటల్లోగా మొదలుపెడితేనే దీనివల్ల పూర్తి ప్రయోజనం. మూడు రోజులు దాచిపెట్టి, ముదిరాక డాక్టరు దగ్గరికి పరుగెత్తితే సగం అవకాశం పోయినట్టే. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకు ఇది సాధారణంగా అక్కరలేదు. బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్‌లు వైరస్‌ను ఏమీ చేయలేవు. చీము పట్టినప్పుడే వాటి అవసరం.

ఒక తండ్రి తయారుచేసిన టీకా

1964లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో పరిశోధన చేస్తున్న మిచియాకి తకహాషి అనే జపాన్ వైద్యుడి మూడేళ్ళ కొడుక్కు ఆటలమ్మ వచ్చింది. పొక్కులు ఒళ్ళంతా పాకి, జ్వరం పెరిగి, ఊపిరి కష్టమైంది. తండ్రీ తల్లీ రాత్రుళ్ళు మేలుకొని కాపలా కాశారు. పిల్లవాడు కోలుకున్నాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక తకహాషి ఈ వైరస్ మీద పని మొదలుపెట్టాడు. ఓకా అనే ఇంటిపేరుగల పిల్లవాడి పొక్కు నీటి నుంచి వైరస్‌ను తీసి, తక్కువ ఉష్ణోగ్రత దగ్గర మానవ కణాల్లోనూ, గినీపిగ్ కణాల్లోనూ మళ్ళీమళ్ళీ పెంచి దాన్ని బలహీనపరిచాడు. 1974లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆటలమ్మ కేసు బయటపడిన ఆస్పత్రి వార్డులోని పిల్లలకు ఆ టీకా వేస్తే జబ్బు పాకకుండా ఆగిపోయింది. నేటికీ ప్రపంచంలో వాడే ఆటలమ్మ టీకాలు ఎక్కువభాగం ఆ 'ఓకా' వైరస్ నుంచి వచ్చినవే.

అమెరికా 1995లో దీన్ని పిల్లలందరికీ వేయడం ప్రారంభించింది. అంతకుముందు అక్కడ ఏటా దాదాపు 40 లక్షలమందికి ఆటలమ్మ వచ్చేది, వంద నుంచి నూట యాభైమంది చనిపోయేవారు. ఇప్పుడా సంఖ్య నూటికి తొంభై వంతులకు పైగా తగ్గిపోయింది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల జాబితాలో ఇది ఇంకా లేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో కొనుక్కొని వేయించుకోవాలి. ధర అందరికీ అందేది కాదు, ఆ మాట చెప్పక తప్పదు. భారతీయ శిశువైద్యుల అకాడమీ పదిహేను నెలల వయసులో మొదటి మోతాదు, మరికొన్ని నెలలకు రెండో మోతాదు సూచిస్తున్నది. పదమూడేళ్ళు దాటి ఇంతవరకూ ఆటలమ్మ రానివారు కనీసం నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు వేయించుకోవచ్చు. హాస్టలులో చేరబోయేవాళ్ళు, నర్సింగు, వైద్యం చదవబోయేవాళ్ళు ఈ సంగతి చేరకముందే ఆలోచించుకోవాలి. టీకా వేసుకున్నా కొద్దిమందికి ఆటలమ్మ వస్తుంది. అప్పుడు పొక్కులు యాభైకి లోపే ఉంటాయి. మామూలుగా అయితే రెండు వందల యాభై నుంచి ఐదు వందలదాకా లేస్తాయి.

తాతయ్య నడుము మీది సర్పి

ఆటలమ్మ తగ్గింది అంటే వైరస్ పోయిందని కాదు. చర్మం నుంచి అది నరాల వెంట వెనక్కి ప్రయాణించి వెన్నుపాము పక్కనున్న నాడీకణాల ముడుల్లో దాక్కుంటుంది. అక్కడ ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు పైబడి రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడు మేలుకొని, ఒక నరం వెంటే కిందికి దిగి, నడుముకో ఛాతీకో ఒకపక్కనే పట్టీలా మంటతో కూడిన పొక్కులు లేపుతుంది. దాన్నే మనవాళ్ళు సర్పి అంటారు. ఈ నిద్ర సిద్ధాంతాన్ని 1965లో ప్రతిపాదించినవాడు హోప్ సింప్సన్ అనే ఇంగ్లండు పల్లెటూరి డాక్టరు. పెద్ద ప్రయోగశాల లేకుండానే, తన రోగుల వివరాలు ఏళ్ళ తరబడి శ్రద్ధగా రాసిపెట్టుకొని ఆయన ఈ నిర్ణయానికి వచ్చాడు.

శీను తాతయ్యకు చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చిపోయింది కనుక మనవడి వల్ల ఆయనకు ఆటలమ్మ రాదు, సర్పి కూడా రాదు. సర్పి ఎప్పుడూ సొంత ఒంట్లోని వైరస్ నుంచే పుడుతుంది. కాని తాతయ్యకు సర్పి వస్తే ఆ పొక్కుల నీటి నుంచి పుట్టబోయే మునిమనవడికి ఆటలమ్మ అంటవచ్చు. అప్పుడు పొక్కుల మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచి, పక్కులు కట్టేదాకా పసివాణ్ణి ఎత్తుకోకుండా ఉండాలి. ఒంట్లో ఒక పక్కనే మంట, పొక్కులు కనబడితే ఆయన కూడా మూడు రోజుల్లోగా డాక్టరుకు చూపించుకోవాలి. ఆలస్యమైతే పొక్కులు మానినా ఆ నరం నొప్పి నెలల తరబడి వేధిస్తుంది.

ఇక శీను సంగతి. 16వ తేదీకి ఒంటిమీద ఒక్క నీటిపొక్కు కూడా లేదు, అన్నీ ఎండి నల్లబడ్డాయి. పక్కులు రాలడానికి మరో వారం పడుతుంది. వాటిని గిల్లకూడదు, గిల్లితే గుంట పడుతుంది. అవి ఒంటిమీద ఉండగానే 17న బడికి వెళ్ళవచ్చు. మాస్టారు అభ్యంతరం చెబితే, పక్కుల నుంచి జబ్బు అంటదని ఒక చీటీ మీద డాక్టరు చేత రాయించుకొని తీసుకువెళ్ళడం మంచిది. గుమ్మానికి కట్టిన వేపమండను మాత్రం మార్చి 9 దాకా ఉంచండి, లక్ష్మి గడువు అప్పటికి గాని పూర్తికాదు.